కోరంటి దవాఖాన పేరు చెబితే మా నాయనమ్మ ఎందుకు భయపడేది

వందేళ్ల కిందట హైదరాబాదులో పేదవాళ్లకు జబ్బు చేస్తే ఎక్కడికి పోయేవారు, దవాఖానలు ఉండేవా అని అడిగారు. ఉండేవి. కానీ వచ్చిన జబ్బును బట్టి ఎక్కడికి పోవాలో ఉండేది.

మామూలు జబ్బులకు మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ దవాఖాన. 1908 సెప్టెంబరు 28 నాటి వరదకు అది కూలింది. ఆ ఆవరణలో చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. చెట్టు ఇప్పటికీ ఉంది, ఉస్మానియా ఆసుపత్రికి పోతే తప్పకుండా చూడండి. కూలిన దవాఖాన స్థానంలో ఏడో నిజాం కాలంలో ఆర్కిటెక్టు విన్సెంట్ ఎష్ ప్లానుతో కట్టిందే ఆ ఉస్మానియా. సికింద్రాబాద్ ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉండేది, అక్కడ కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్, అదే తర్వాత గాంధీ ఆసుపత్రి.

అంటురోగం అయితే కథ వేరు. 1911లో ప్లేగు వచ్చింది, గత్తర (కలరా), మశూచి సరేసరి. 1915లో ఎర్రమంజిల్‌లో క్వారంటైన్ ఆసుపత్రి పెట్టి, 1923లో నల్లకుంటకు మార్చారు. క్వారంటైన్ జనం నోట్లో కోరంటి అయింది. ఇప్పటి ఫీవర్ ఆసుపత్రి అదే.

మా నాయనమ్మ చిన్నప్పుడు వాళ్లక్కకు గత్తర తగిలితే కోరంటికి తీసుకుపోయారట. మళ్లీ ఇంటికి రాలేదు. "వాకిట్ల బండి ఆగితే అందరం తలుపులేసుకున్నం బిడ్డా" అని ఎన్నిసార్లు చెప్పేదో. నాకైతే ఆ భయంలో తప్పు కనబడదు. అప్పుడు చాలా రోగాలకు సరైన మందు లేదు. రోగిని వేరుచేస్తే బతికేది ఎక్కువగా గల్లీలో మిగిలినవాళ్లే.

నేను ఇంటర్ చదివేటప్పుడు తమ్ముడికి గొంతు నొప్పి, జ్వరం. దగ్గర్లోని ఒక డాక్టరు టాన్సిల్స్ అని మూడు రోజులు గోలీలిచ్చాడు. నాలుగో రోజు గొంతులో బూడిదరంగు పొర కనబడింది, ఊపిరి ఆడడం లేదు. కంఠసర్పి (డిఫ్తీరియా) అని కోరంటికి పంపారు. అమ్మకు ఒకటే టెన్షన్, నాయనమ్మ అయితే గేటు దాకా ఏడుస్తూనే వచ్చింది. ఆ జబ్బు విషానికి విరుగుడైన సీరం ఇచ్చారు. మమ్మల్ని వార్డులోకి రానివ్వలేదు. నాయనమ్మ మాత్రం తొమ్మిది రోజులు బయట చెట్టుకింద చాపేసుకుని కూర్చుంది, ఇంటికి రమ్మంటే రాలేదు.

తమ్ముడు నడుచుకుంటూ బయటికి వచ్చాడు. నాయనమ్మ వాడి చేయి పట్టుకుని ఇల్లు చేరేదాకా వదల్లేదు. ఇప్పటికీ కుక్క కరిచినా, పిల్లల గొంతులో పొర కనబడినా మా ఇంట్లో ముందు ఆటో ఎక్కేది నల్లకుంటకే.