స్మోక్ అలారం విప్పేశారా? అయొడిన్ మాత్రల జోలికి వెళ్లకండి

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. పదేళ్లనాటి స్మోక్ అలారం తీసేశాం. వెనక రేడియోధార్మిక పదార్థం ఉందని రాసి ఉంది. మావారు దాన్ని విప్పి లోపలి రేకు డబ్బా బయటకు తీశారు. మూడేళ్ల బాబు కాసేపు దానితో ఆడుకున్నాడు. దీన్ని ఎక్కడ పారేయాలి? ముందు జాగ్రత్తగా అందరం అయొడిన్ మాత్రలు వేసుకోవచ్చా?

జవాబు: పారేయడం తర్వాత, ముందు బాబు సంగతి చూడండి. ఆ డబ్బాను నోట్లో పెట్టుకున్నాడా, ఏదైనా ముక్క ఊడిందా అన్నది మీరు రాయలేదు. అనుమానం ఏమాత్రం ఉన్నా ఇప్పుడే విషప్రమాదాలకు సలహా ఇచ్చే పాయిజన్ కంట్రోల్‌కు (1-800-222-1222) ఫోన్ చేయండి. వాంతి చేయించొద్దు.

అందులో ఉండేది అమెరీషియం-241 అనే రేడియోధార్మిక లోహం, మామూలుగా ఒక మైక్రోక్యూరీ (రేడియోధార్మికతను కొలిచే చిన్న కొలత) లేదా అంతకన్నా తక్కువ. దాన్నుంచి వెలువడే ఆల్ఫా కణాలనే రేడియేషన్ చర్మం పైపొర దాటదు. డబ్బా చెక్కుచెదరకపోతే, పట్టుకున్నంత మాత్రాన భయపడక్కర్లేదు. అందరూ సబ్బుతో చేతులు కడుక్కోండి. గీకినా, కాల్చినా వచ్చే దుమ్మును పీల్చడం, మింగడమే ప్రమాదం.

అయొడిన్ విషయం గట్టిగానే చెబుతున్నాను. ఆ మాత్ర అడ్డుకునేది రేడియోధార్మిక అయొడిన్‌ను, అదీ థైరాయిడ్‌లో మాత్రమే. అమెరీషియం ఒంట్లోకి వెళ్తే చేరేది ముఖ్యంగా ఎముకలకు, కాలేయానికి. అక్కడ ఈ మాత్ర చేసేదేమీ లేదు. పైగా అనవసరంగా వేస్తే థైరాయిడ్ పనితీరు దెబ్బతినొచ్చు, చిన్నపిల్లలకు, గర్భిణులకు మరీ జాగ్రత్త. డాక్టరును అడక్కుండా పిల్లలకు మందు వేయడం ఏం పద్ధతమ్మా? ఇప్పటికే వేసి ఉంటే ఎంత మోతాదు, ఎప్పుడు వేశారో పిల్లల డాక్టరుకు చెప్పండి. అమెరీషియంకు వాడే డీటీపీఏ వేరే మందు, అది అవసరమో కాదో పరీక్షలు చేసి ఆసుపత్రిలోనే తేలుస్తారు.

విప్పిన భాగాలను గ్లౌజులతో జిప్ కవర్లో పెట్టి మూసేయండి. తిరిగి బిగించే ప్రయత్నం వద్దు. పెట్టిన చోటును తడి కాగితంతో తుడవండి, వ్యాక్యూమ్ క్లీనర్ వాడితే దుమ్ము లేస్తుంది. తర్వాత రాష్ట్ర రేడియేషన్ కంట్రోల్ విభాగాన్ని అడిగి, వాళ్లు చెప్పినట్టు చేయండి. విప్పని అలారానికి ఇంత తతంగం లేదు: ఈపీఏ (అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ) ప్రకారం ఇంటి చెత్తలో వేయొచ్చు, అయితే కొన్ని ఊళ్లలో విడిగా తీసుకుంటారు, కొన్ని కంపెనీలు వెనక్కి తీసుకుంటాయి. కాబట్టి స్థానిక నిబంధన చూసుకోండి. బ్యాటరీ ముందే తీసి, 9 వోల్టులదైతే కొనలకు టేపు చుట్టండి.

తీసేసిన చోట కొత్త అలారం పెట్టినట్టు మీరు రాయలేదు. నా దృష్టిలో మీ ఇంటికి ఆ రేకు కన్నా పెద్ద ప్రమాదం అదే. ఈరోజే బిగించండి. కాంతితో పొగను పసిగట్టే ఫోటోఎలక్ట్రిక్ రకంలో రేడియోధార్మిక పదార్థం ఉండదు.