తరగతికి బ్లాగు పెట్టి చూశాను, ఇదీ నా అనుభవం

"తొమ్మిదో తరగతి పిల్లలు పాఠం వినట్లేదు, వాట్సాప్ గ్రూపో బ్లాగో పెడితే దారికొస్తారా, ఎవరైనా చేసి చూశారా" అని అడిగారు కదా. రెండూ చేశానండీ. రాజోలు వైపు ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను.

ముందు వాట్సాప్ గ్రూపు పెట్టి చేతులు కాల్చుకున్నాను. వారం తిరక్కుండానే గుడ్ మార్నింగ్ పువ్వులు, అంతర్వేది తీర్థం వీడియోలు, నా ప్రశ్నకి మాత్రం బొటనవేలి బొమ్మ. పైగా ఫోను ఉండేది తండ్రి దగ్గర, ఆయన రొయ్యల చెరువు నుంచి ఏ రాత్రి తొమ్మిదింటికో ఇంటికొస్తే గానీ పిల్లాడికి మెసేజ్ కనబడదు. ఇన్‌స్టా జోలికి పోలేదు. ఆడపిల్లల ఫొటోలంటే నాకే భయం.

బ్లాగు పనిచేసింది. ఖాతా నాది, కామెంట్లు నేను చూశాకే బయటికొస్తాయి, పిల్లల పేర్లకి పొడి అక్షరాలే, ఫొటోలు లేవు, ఇళ్ల నుంచి సంతకాలు ముందే తెప్పించాను. ఇంట్లో నోటుబుక్కులో రాసుకొచ్చి, మధ్యాహ్నం భోజనాలయ్యాక స్టాఫ్ రూమ్ కంప్యూటర్లో ఇద్దరిద్దరు టైపు చేసేవాళ్లు. ఒత్తులు పడక మొదటి వారం నా ప్రాణం తీశారు.

మొదటి పనిగా ఇంట్లో పెద్దవాళ్లని 1986 గోదావరి వరద గురించి అడిగి రాయమన్నాను. లంకల్లో ఆ మాట ఎత్తితే ముసలివాళ్లు ఓ పట్టాన ఆపరు. ఒక కుర్రాడు వాళ్ల మామ్మ చెప్పినదంతా, గేదెల పలుపులు కోసి వదిలెయ్యడం, అటక మీద తడిసిన బియ్యం నమలడం, అన్నీ బాగా రాసి చివర్లో "ధవళేశ్వరం దగ్గర 17.75 క్యూసెక్కులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక" అని పడేశాడు. చూసి కూడా కావాలనే దిద్దలేదు. రెండ్రోజులకి కువైట్ నుంచి వాళ్ల బాబాయి కామెంట్: "అవి అడుగులురా అబ్బాయ్, ఆ మాత్రం క్యూసెక్కులు మన పంటకాలవలోనూ పారతాయి."

మర్నాడు బెల్లు కొట్టకముందే వాడు స్టాఫ్ రూమ్ గుమ్మంలో. "మాస్టారూ, క్యూసెక్కంటే ఏంటండీ?" సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్లురా అని చెప్పి, మూడో హెచ్చరిక నాటికి ధవళేశ్వరం బ్యారేజీ నుంచి వదిలేది సుమారు 17 లక్షల క్యూసెక్కులని, 1986లో 35 లక్షలు దాటిందని ఆ పీరియడ్‌లోనే బోర్డు మీద వేశాను. పన్నెండేళ్లుగా ఆ మాట వాడుతూనే ఉన్నాను, అదేంటని అప్పటిదాకా ఒక్కడూ అడగలేదు.

నేను చదువుతానంటే వాళ్లకి లెక్కలేదు, గల్ఫ్‌లో ఉన్న అమ్మ చదువుతుందంటే రెండుసార్లు తిరగరాస్తారు. మధ్యలో దీనికి ఐదు మార్కులు పెట్టి నేనే చెడగొట్టుకున్నాను, ఆ నెలంతా గైడ్లలోంచి ఎక్కించారు, తీసేశాక మళ్లీ దారిన పడింది. అయినా సగం మంది రాయరు, అది మాత్రం మారలేదు.

మీరు మొదలుపెట్టేముందు చదివేవాళ్లని ఐదారుగురిని చూసుకోండి, పాత విద్యార్థులైనా సరే. లింకు పంపినప్పుడు ఒక ప్రశ్న అడగమనండి, "సూపర్" అని మాత్రం పెట్టొద్దని మరీ మరీ చెప్పండి.