అమెరికా అంతర్యుద్ధం నాటి దక్షిణాది ఉత్తరాలు: దేనితో మొదలుపెట్టాలి, ఎంతవరకు నమ్మాలి?

మీరు రెండు విషయాలు అడిగారు. అంతర్యుద్ధ కాలంలో (1861-65, బానిసత్వాన్ని నిలుపుకోవడానికి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకీ ఉత్తరాదికీ మధ్య) దక్షిణాది కుటుంబాలు రాసుకున్న ఉత్తరాలు చదవాలంటే దేనితో మొదలుపెట్టాలి? అవి చరిత్రగా నమ్మదగినవేనా? మొదటిదానికి నా జవాబు జార్జియాకి చెందిన జోన్స్ కుటుంబం. రెండోదానికి జవాబు, నమ్మొచ్చు, కాకపోతే యుద్ధం అయిపోయిన 1865 దగ్గర చదవడం ఆపేయకూడదు. అసలు సంగతులన్నీ ఆ తర్వాతి ఉత్తరాల్లోనే బయటపడతాయి.

నేను అట్లాంటా శివార్లలో ఉంటాను. ఇక్కడ మనవాళ్ళకి కొదవ లేదు. పిల్లల్ని తీసుకుని స్టోన్ మౌంటెన్‌కి వెళ్తాం, కొండ మీద చెక్కిన ముగ్గురు గుర్రపు రౌతుల ముందు ఫోటోలు దిగుతాం, వాళ్ళెవరని మాత్రం అడగం. (దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్, దాని సేనానులు రాబర్ట్ లీ, స్టోన్‌వాల్ జాక్సన్. ముగ్గురూ ఓడిపోయిన పక్షమే.) నాకు ఈ ఉత్తరాల పిచ్చి పట్టింది వేరే దారిలో. పాత చేతిరాత ఉత్తరాల స్కాన్లు చూసి టైపు చేసిపెట్టే వలంటీర్ పనిలో కొంతకాలం ఉన్నాను. అందులో మామూలు సిపాయిల ఉత్తరాలే ఎక్కువ.

మొట్టమొదట కళ్ళకి కట్టేది కాగితం కరువు. పేజీ నిండాక కాగితాన్ని అడ్డంగా తిప్పి, రాసిన వరుసల మీదుగానే మళ్ళీ రాసేవాళ్ళు. చూస్తే గళ్ళ లుంగీలా ఉంటుంది. ఒక దిక్కు వరుసలు చదువుతున్నంతసేపూ రెండో దిక్కువి లేవనుకోవాలి, కాసేపటికి కన్ను అలవాటు పడుతుంది. వచ్చిన కవరునే విప్పి, లోపలివైపు బయటికి తిప్పి అంటించి మళ్ళీ వాడేవాళ్ళు. గోడలకి అంటించే రంగు కాగితాలతో చేసిన కవర్లూ ఉన్నాయి. ఇక మొదలు అన్నిటికీ దాదాపు ఒకటే: నేను క్షేమం, ఈ నాలుగు ముక్కలు మీకు అందేసరికి మీరూ క్షేమంగా ఉంటారని తలుస్తాను. మన తాతల కార్డుల్లో ‘ఉభయకుశలోపరి’ చూసినవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. ఆ రెండు వాక్యాలూ దాటాకే మనిషి మాట్లాడడం మొదలుపెడతాడు.

తపాలా సంగతి కొంచెం తెలిస్తే చాలా చిక్కుముళ్ళు విడిపోతాయి. 1861 జూన్ 1 నుంచి దక్షిణాది సొంత తపాలా శాఖ పని మొదలుపెట్టింది. 500 మైళ్ళ లోపు ఉత్తరానికి 5 సెంట్లు, దాటితే 10. 1862 జూలై నుంచి ఎంత దూరమైనా 10 సెంట్లే. సిపాయి జీతం నెలకి 11 డాలర్లు, అదీ సమయానికి అందేది కాదు. అందుకే సిపాయిలు బిళ్ళ అంటించకుండా పంపొచ్చు, అందుకున్నవాళ్ళు కట్టాలి. సరిహద్దు దాటి ఉత్తరాదిలో ఉన్న చుట్టాలకి రాయాలంటే సంధి జెండా కింద మార్చుకునే సంచుల్లో వెళ్ళాలి. అదీ ఒక్క పేజీ, ఇంటి సంగతులు మాత్రమే, కవరు అంటించకూడదు, మధ్యలో చదివి మరీ పంపేవాళ్ళు. కాబట్టి ఒక ఉత్తరంలో యుద్ధం ఊసే లేదంటే రాసినవాళ్ళకి పట్టలేదని కాదు, ఏ దారిన వెళ్ళిందో ముందు చూడాలి.

ఇక జోన్స్ కుటుంబం. సవానా నగరానికి దక్షిణాన, సముద్రతీరంలోని లిబర్టీ కౌంటీ వాళ్ళది. మాంటెవీడియో, ఆర్కేడియా, మేబ్యాంక్ అని మూడు ప్లాంటేషన్లు. వరి, పత్తి పంటలు. వందమందికి పైగా బానిసలు. తండ్రి చార్ల్స్ కోల్కాక్ జోన్స్ ప్రెస్బిటేరియన్ పాస్టరు. పెద్దకొడుకు, అతని పేరూ చార్ల్సే, యుద్ధం మొదలయ్యే నాటికి సవానా మేయరు, తర్వాత ఫిరంగి దళంలో అధికారి. రెండోవాడు జోసెఫ్ డాక్టరు. కూతురు మేరీ షార్ప్ ఒక పాస్టరు భార్య. అందరూ విద్యావంతులు, అందరికీ రాసే అలవాటు. రాబర్ట్ మాన్సన్ మయర్స్ 1972లో వీళ్ళ ఉత్తరాలను ‘ది చిల్డ్రన్ ఆఫ్ ప్రైడ్’ పేరుతో అచ్చు వేయించాడు. 1854 నుంచి 1868 దాకా సాగుతాయి.

తండ్రి వ్యవహారం చూడండి. చదువుకునే రోజుల్లో, బానిసల్ని ఉంచుకోవడం సబబేనా అని కాబోయే భార్య మేరీకి ఉత్తరాల్లో తన సందేహం చెప్పుకున్న మనిషి. ఆ తర్వాత జీవితమంతా బానిసలకి దైవబోధ చేశాడు, వాళ్ళ కోసం ప్రశ్నోత్తరాల పుస్తకం కూడా రాశాడు. కానీ ఆ బోధ నోటిమాటగానే సాగాలి. బానిసలకి చదువు, రాత నేర్పడం నేరమని జార్జియాలో 1829లోనే చట్టం చేశారు. ఆ ఇంట్లో ఉత్తరాలు రాసేవాళ్ళు ఎందుకు తెల్లవాళ్ళే అయ్యారన్నదానికి జవాబు ఇక్కడుంది. వంట చేసింది, పడవ నడిపింది, పిల్లల్ని పెంచింది, ఉత్తరం మోసుకెళ్ళింది కూడా రాయడానికి వీల్లేని మనుషులే. ప్రతి ఉత్తరంలోనూ వాళ్ళుంటారు, ఎవరో ఒకరు వాళ్ళ గురించి రాస్తుంటారు.

ఒక్కచోట మాత్రం ఆ గోడకి కన్నం పడింది. ఫీబీ, కాషియస్ అనే భార్యాభర్తల్ని, పిల్లలతో సహా, జోన్స్ కుటుంబం సవానాలో అమ్మేసింది. కొన్ని నెలలకి, 1857 మార్చిలో, న్యూ ఆర్లీన్స్ నుంచి లిబర్టీ కౌంటీకి ఒక ఉత్తరం వచ్చింది. ఆ ఇద్దరి పేరుతో. అక్షరదోషాల మయం. ఇక్కడే ఉండిపోయిన కూతురు క్లారిసాకి, అల్లుడికి బోలెడంత ప్రేమ చెప్పమని, మనవల పేర్లు ఒక్కొక్కటీ చెప్పి మరీ అడుగుతారు. జోన్స్ కుటుంబం రాసిన పేజీలకి పేజీల చక్కటి ఇంగ్లీషు మధ్య ఇది తగిలినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టి లేచి బయట కాసేపు నడిచొచ్చాను.

పాస్టరు జోన్స్ 1863 మార్చిలో పోయాడు. 1864 డిసెంబరులో ఉత్తరాది జనరల్ షెర్మన్ సైన్యం సవానా దగ్గరికి వచ్చినప్పుడు మాంటెవీడియోలో ఉన్నది విధవరాలు మేరీ, నెలలు నిండిన కూతురు, చిన్నపిల్లలు. అల్లుణ్ణి పట్టుకుపోయారు. తపాలా లేదు కాబట్టి తల్లీకూతుళ్ళు ఉత్తరాల బదులు రోజువారీ డైరీ రాశారు. గుంపులు గుంపులుగా గుర్రాల మీద వచ్చి తాళాలు పగలగొట్టడం, ధాన్యం, కోళ్ళు, బండ్లు తోలుకుపోవడం, అన్నీ ఉన్నాయి. విడిపించడానికి వచ్చిన సైనికులే బానిసల గుడిసెల్లోనూ బట్టలూ తిండీ దోచుకోవడం కూడా ఆవిడ రాసింది. ఆ గందరగోళంలోనే 1865 జనవరి 4న కూతురు ప్రసవించింది. చదువుతుంటే తల్లి మేరీ మీద జాలి కలుగుతుంది, కలగాలి కూడా. అదే నెల డైరీలో ఆవిడే, స్వేచ్ఛ వస్తే ఈ నల్లవాళ్ళు అంతరించిపోతారని తీర్మానించేసింది. అదే చెయ్యి, అదే సిరా.

1865 తర్వాతి ఉత్తరాల్లో స్వరం మారుతుంది. కూలి ఒప్పందాలు, సగంలో పోయిన పత్తి పంట, ఇల్లు వదిలి వెళ్ళిపోతున్న పనివాళ్ళు. ఇన్నాళ్ళూ నమ్మకస్తులని మురిసిపోయినవాళ్ళే వెళ్ళిపోతుంటే, అది తల్లి మేరీకి కృతఘ్నత. ఆ వెళ్ళినవాళ్ళ వైపు నుంచి అదే ఉత్తరాన్ని ఇంకోసారి చదవండి. యుద్ధానికి ముందు ఎవరిని ఏమని మెచ్చుకున్నారో వెనక్కి తిప్పి చూసుకోండి. నేను చదివే పద్ధతి ఇదే, ఇంతకంటే మంచిది నాకు దొరకలేదు. చివరికి పెద్దకొడుకు లాయరుగా న్యూయార్క్ చేరాడు. కూతురి కుటుంబం న్యూ ఆర్లీన్స్ వెళ్ళింది. 1868లో తల్లీ అక్కడికే వెళ్ళి మరుసటి ఏడు పోయింది. ఫీబీ ఉత్తరం వచ్చిన ఊరు అదేనన్నది నా బుర్రలోంచి పోదు.

వీలైతే జోన్స్ కుటుంబం ఉన్న లిబర్టీ కౌంటీ చూసి రండి. సవానా నుంచి ఐ-95 మీద గంట కూడా పట్టదు. మిడ్‌వే చర్చి 1792లో కట్టిన తెల్లటి చెక్క కట్టడం. లోపల పైన చుట్టూ గ్యాలరీ, బానిసలు కూర్చున్నది అక్కడ. రోడ్డుకి అవతల ఇటుక గోడ మధ్య సమాధులు, పాస్టరు జోన్స్‌దీ అక్కడే. చాలామంది ఇంతవరకే చూసి తిరిగొస్తారు. అక్కడికి దగ్గర్లోనే డార్చెస్టర్ అకాడమీ ఉంది, అది వదలకండి. విడుదలైన కుటుంబాల పిల్లల కోసం అమెరికన్ మిషనరీ అసోసియేషన్ సాయంతో నడిచిన బడి. అక్షరం నేర్పితే నేరమన్న నేల మీదే అది లేచింది. 1960లలో మార్టిన్ లూథర్ కింగ్ బృందం ఓటు హక్కు శిక్షణ ఇచ్చింది కూడా ఇక్కడే.

పుస్తకం చాలా లావు, మొదటి పేజీ నుంచి పట్టుకుంటే సగంలో వదిలేస్తారు. 1864 డిసెంబరు దగ్గర తెరిచి చివరిదాకా వెళ్ళండి, ఆ తర్వాత మొదటికి రండి. తోడుగా ఎర్స్‌కిన్ క్లార్క్ 2005లో వేసిన ‘డ్వెల్లింగ్ ప్లేస్’ పెట్టుకోండి, అవే ప్లాంటేషన్లలోని బానిస కుటుంబాల కథ కూడా పక్కపక్కనే నడుస్తుంది.

అంత తీరిక లేదు, ఒక్క ఉత్తరం చాలంటారా, అయితే బానిసత్వం నుంచి విడుదలైన జోర్డన్ ఆండర్సన్‌ది చదవండి. టెనెసీలోని పాత యజమాని మళ్ళీ పనిలోకి రమ్మని కబురు పెడితే, ఒహాయోలోని డేటన్ నుంచి 1865 ఆగస్టులో చెప్పి రాయించిన జవాబు. నేను 32 ఏళ్ళు, నా భార్య మాండీ 20 ఏళ్ళు మీ దగ్గర చాకిరీ చేశాం, నాకు నెలకి 25 డాలర్లు, తనకి వారానికి 2 డాలర్ల చొప్పున మొత్తం 11,680 డాలర్లవుతుంది, ముందు అది పంపండి అంటాడు. దానికి వడ్డీ కలిపి, మా బట్టల ఖర్చు, నన్ను చూడడానికి డాక్టరు మూడుసార్లు వచ్చినందుకు, మాండీకి ఒక పన్ను పీకించినందుకు అయినవి తగ్గించుకోండి అని కూడా రాయించాడు.