కుళాయికి ఎర్త్ తీగ కడితే సరిపోతుందా?

ప్రశ్న: ఈమధ్యే వంటగదిని కొత్తగా చేయించుకున్నాం. ఓవెన్, ఫ్రిజ్ సాకెట్లను వేరే గోడకు జరిపించి, కొత్త అలమరలు, స్టీలు సింకు పెట్టించాం. అప్పటి నుంచి ఒక చేయి ఓవెన్ మీద ఉండగా రెండో చేత్తో కుళాయి తిప్పితే వేళ్లు జిల్లుమంటున్నాయి. కుళాయికి నీరు భూమిలోంచి వచ్చే పాత ఇనుప గొట్టం ద్వారానే వస్తుంది. టెస్టర్ మసగ్గా వెలుగుతోంది కాబట్టి భయం లేదని, కావాలంటే ఓవెన్ నుంచి కుళాయికి ఒక తీగ కడతానని ఎలక్ట్రీషియన్ అంటున్నారు. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్) కూడా పడిపోవడం లేదు. ఆయన చెప్పినట్టు చేయించుకోవచ్చా?

జవాబు: వద్దు. ముందు ఓవెన్, ఫ్రిజ్ ప్లగ్గులు తీసేయండి. మళ్లీ కొడుతుందో లేదో చూద్దామని ఇంట్లో ఎవరూ చేత్తో తాకి చూడవద్దు.

మీరు అనుమానించాల్సింది కుళాయిని కాదు. భూమిలోంచి వచ్చిన ఇనుప గొట్టంతో కలిసి ఉంది కాబట్టి దాని వోల్టేజీ భూమి స్థాయిలోనే, అంటే సున్నా దగ్గరే ఉంటుంది. ఆ స్థాయి తప్పింది ఓవెన్ బాడీ. ఇలాంటి చాలా పరికరాల్లో ఫేజ్‌కూ బాడీకీ మధ్య, న్యూట్రల్‌కూ బాడీకీ మధ్య చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ తీగ సరిగా ఉన్నంతకాలం వాటిలోంచి వచ్చే కొద్దిపాటి కరెంటు దాని గుండా వెళ్లిపోతుంది. ఆ తీగ తెగితే, 230 వోల్టుల సరఫరా ఉన్నచోట బాడీ సుమారు సగం వోల్టేజీకి చేరుతుంది. అప్పుడు మీ చేతుల్లోంచి పోయే కరెంటు సాధారణంగా ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లు దాటదు కాబట్టి జిల్లుమనడంతో ఆగుతుంది. అయితే లోపలి హీటింగ్ ఎలిమెంట్ ఇన్సులేషన్ దెబ్బతిన్నా మొదట అలాగే అనిపించవచ్చు. ఈ రెండింటిలో ఏది జరుగుతోందో వేళ్లు చెప్పలేవు, టెస్టర్ కూడా చెప్పలేదు. సుమారు 10 మిల్లీ ఆంపియర్ల దగ్గర కండరాలు బిగుసుకుని, పట్టుకున్న వస్తువును వదలలేని స్థితి రావచ్చు. చెప్పులు వేసుకుంటే కొట్టదులే అని సర్దుకుపోయే ఇళ్ల గురించి విన్నప్పుడల్లా నాకు నిజంగా ఆందోళనగా ఉంటుంది.

ఆర్‌సీసీబీ పడిపోకపోవడంలో వింత లేదు. ఇళ్లలో సాధారణంగా వాడేది 30 మిల్లీ ఆంపియర్ల రకం. అంతకంటే బాగా తక్కువ లీకేజీకి అది కదలదు. పైగా ఎర్త్ లేనప్పుడు, ఎవరో ఒకరు తాకి తమ ఒంట్లోంచి దారి ఇచ్చేదాకా లీకేజీ పారనే పారదు. దాని మీది టెస్ట్ బటన్ నొక్కితే పడిపోవడం ఆ పరికరం పనిచేస్తోందని మాత్రమే చెబుతుంది. ఆ బటన్‌కు ఎర్త్‌తో సంబంధం లేదు కాబట్టి మీ సాకెట్‌కు ఎర్త్ ఉన్నట్టు కాదు.

లోపం బహుశా జరిపిన సాకెట్ల దగ్గరే ఉంటుంది. తీగ పొడవు చాలక ఆకుపచ్చ రంగు ఎర్త్ తీగను పెట్టెలోనే టేపు చుట్టి వదిలేయడం, అలమర బిగించే స్క్రూ గోడలోని తీగను చీల్చడం తరచుగా జరిగేవే. ఒక్కోసారి సాకెట్ విప్పి చూస్తే తీగ చక్కగా బిగించినట్టే కనిపిస్తుంది, కానీ స్క్రూ కింద ఇరుక్కున్నది ఆకుపచ్చ తొడుగే, రాగి కాదు. మెయిన్ కట్టేసి, బోర్డులోని ఎర్త్ బార్ నుంచి సాకెట్ ఎర్త్ రంధ్రం దాకా నిరోధం కొలిపించండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 20 మీటర్లకు సుమారు 0.15 ఓమ్ చూపాలి. మీటరు కొన్ని ఓమ్‌లు చూపితే ఎక్కడో జాయింటు వదులుగా ఉన్నట్టే. తరువాత ఉపకరణాలన్నీ తీసివేసి మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే మీటరుతో) 500 వోల్టుల దగ్గర ఇన్సులేషన్ పరీక్ష చేయించండి. ఒక మెగోమ్ (పది లక్షల ఓమ్‌లు) కంటే తక్కువ వస్తే గోడలో తీగ దెబ్బతిన్నదని అనుమానించాలి. ఓవెన్‌ను విడిగా పరీక్షింపజేయాలి.

ఓవెన్ నుంచి కుళాయికి తీగ కడితే జిల్లుమనడం ఆగవచ్చు. అయితే రేపు ఎవరైనా ఆ ఇనుప గొట్టంలో ఒక ముక్క తీసి ప్లాస్టిక్‌ది వేస్తే ఆ ఎర్త్ ఎవరికీ తెలియకుండా పోతుంది, లోపం పెద్దదైన రోజున కుళాయికే కరెంటు వస్తుంది. లోహపు గొట్టాన్ని అది ఇంట్లోకి వచ్చే చోట ప్రధాన ఎర్త్‌తో కలపడం వేరే సంగతి. దాన్నే బాండింగ్ అంటారు, లోహపు వస్తువుల మధ్య వోల్టేజీ తేడా పెరగకుండా చూడటమే దాని పని. ఓవెన్ ఎర్త్ తీగ స్థానాన్ని అది తీసుకోలేదు. సాకెట్‌లో న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ కలిపేస్తామని ఎవరైనా అంటే అసలు ఒప్పుకోవద్దు. న్యూట్రల్ ఎక్కడైనా తెగిన క్షణంలో ఓవెన్ బాడీ మొత్తానికి 230 వోల్టులు వచ్చేస్తాయి.

ప్రశ్న: కొత్త డిష్‌వాషర్ పెట్టాక ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతోంది. విడిగా ఎర్త్ రాడ్, ఎంసీబీ (కరెంటు పరిమితి దాటితే సరఫరాను ఆపేసే స్విచ్) ఉన్నాయి కాబట్టి ఆర్‌సీసీబీ తీసేయవచ్చా?

జవాబు: తీసేయకండి. మీ ఎర్త్ రాడ్ నిరోధం 20 ఓమ్‌లు అనుకుంటే, 230 వోల్టుల ఫేజ్ తీగ డిష్‌వాషర్ బాడీకి తగిలినా పారేది 11.5 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడే కాబట్టి అది పడిపోదు, బాడీకి కరెంటు అలాగే ఉండిపోతుంది. డిష్‌వాషర్ ప్లగ్ తీసినా పడిపోతుంటే వైరింగ్‌లో న్యూట్రల్ ఎర్త్‌కు తగిలిందేమో చూపించండి. నీళ్లు వేడెక్కే దశలోనే పడిపోతుంటే హీటింగ్ ఎలిమెంట్‌ను పరీక్షింపజేయండి. ఏ ఒక్కటీ తప్పు చేయకుండా అన్నీ కలిసి నడిచినప్పుడే పడిపోతుంటే, ఉపకరణాల చిన్న చిన్న లీకేజీలు కలిసి పరిమితి దాటుతున్నట్టు. అప్పుడు వంటగది సర్క్యూట్లను రెండు ఆర్‌సీసీబీల కిందకు విడదీయించండి.