అమ్మ పెద్దావిడని ఐసీయూలో నర్సులు పట్టించుకోవడం లేదా?

ప్రశ్న: మా అమ్మకు 76 ఏళ్లు. న్యుమోనియాతో వారం క్రితం ఐసీయూలో చేర్చాం. రెండు రోజుల కిందట వెంటిలేటర్ తీసేశారు. గండం గడిచిందనుకున్నాం. ఆ రాత్రి నుంచే అమ్మ ఒకటే అలజడి. ఎప్పుడో పోయిన మా అమ్మమ్మను పిలుస్తోంది, ముక్కులోని గొట్టం లాగేస్తోంది. చేతులు మంచానికి కట్టారు. పక్క బెడ్‌లో యాక్సిడెంట్ అయిన కుర్రాడు ఉన్నాడు. సిస్టర్ ఎప్పుడు చూసినా అతని దగ్గరే ఉంటోంది. ముసలావిడే కదా అని అమ్మను వదిలేస్తున్నారేమోనని టెన్షన్‌గా ఉంది. డబ్బులిచ్చి వేరే నర్సును పెట్టుకోవచ్చా? లేక ఆస్పత్రి మార్చాలా?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

డాక్టర్ సలహా: మీరు రాసినదాన్ని బట్టి మీ అమ్మగారికి వచ్చింది డెలీరియం కావచ్చు. పిచ్చి కాదు, మతిమరుపు జబ్బు అంతకన్నా కాదు. ఒంట్లో పెద్ద జబ్బు ఉన్నప్పుడు మెదడు కొన్నాళ్లు అయోమయంలో పడుతుంది. పగలు కాస్త తెలివిగా ఉండి, పొద్దుగూకాక ఎక్కువవుతుంది. పెద్ద వయసువారిలో, ముఖ్యంగా వెంటిలేటర్ మీద ఉండి వచ్చినవారిలో తరచూ చూస్తుంటాం. ఇన్ఫెక్షన్ పూర్తిగా తగ్గకపోవడం, నిద్ర లేకపోవడం, నొప్పి, మలబద్ధకం, మూత్రం ఆగిపోవడం, మిడజోలం లాంటి మత్తుమందులు... వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ఒకటికి రెండు కలిసి కూడా ఉండొచ్చు. వీటన్నింటినీ చూశారా అని డాక్టర్‌ను అడగండి. అలజడి తగ్గించడానికి మరో మత్తు ఇంజెక్షన్ ఇవ్వడం చాలాసార్లు పరిస్థితిని ఇంకా ముదరబెడుతుంది.

ఇక నర్సు సంగతి. మీ అనుమానం అన్యాయమైందని అనను, కానీ అది వయసు మీదికి పోవడం సరికాదు. ఐసీయూలో వయసుకు లెక్క ఉన్న మాట నిజం. జబ్బు తీవ్రతను కొలిచే అపాచీ-2 అనే స్కోరులో 75 దాటినవారికి వయసు కింద 6 పాయింట్లు పడతాయి. మొత్తం 71లో అవి 6. అయితే ఆ స్కోరు చెప్పేది ప్రాణాపాయం ఎంత అన్నదే. నర్సుకు ఎంత పని అన్నది చెప్పదు.

పనిని కొలవడానికి వేరే లెక్క ఉంది. 2003లో వచ్చిన నర్సింగ్ యాక్టివిటీస్ స్కోర్‌ను చాలా దేశాల ఐసీయూల్లో వాడుతున్నారు. అందులో 100 వచ్చిందంటే ఆ పేషెంట్ ఒక్కరికే రోజంతా ఒక నర్సు పూర్తిగా కావాలని అర్థం. ఈ పట్టికలో వయసు అనే గడే లేదు. బ్రెజిల్‌లో దీన్ని వాడి చేసిన కొన్ని పరిశీలనల్లోనూ వృద్ధులకూ మిగతావారికీ మధ్య పనిభారంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఆ పట్టికలోని అంకెలు చూస్తే మీ అమ్మగారి విషయంలో ఏం జరుగుతోందో అర్థమవుతుంది. వెంటిలేటర్ లాంటి శ్వాస సాయానికి 1.4 పాయింట్లు. గొంతులో గొట్టం సంరక్షణకు 1.8. డయాలసిస్‌కు 7.7. ఇక మనిషి చేతులతో చేసే పనులు చూడండి. ముగ్గురు పట్టి పేషెంట్‌ను పక్కకు తిప్పాల్సి వస్తే 17. ఒక షిఫ్టులో 4 గంటలో, అంతకు మించో మంచం పక్కనే ఉండి కనిపెట్టుకోవాల్సి వస్తే 19.6. పేషెంట్‌కో బంధువులకో ధైర్యం చెప్పడానికి, వివరించడానికి ఒక షిఫ్టులో 3 గంటలు, ఆపైన పడితే 32! అంటే నర్సు సమయాన్ని మెషీన్ల కన్నా మనుషులే ఎక్కువ తీసుకుంటారు.

మన ఆస్పత్రుల్లో మాత్రం నర్సులను మెషీన్‌ను బట్టే పంచుతారు. వెంటిలేటర్ మీద ఉన్నవారికి షిఫ్టుకు ఒక నర్సు ఉండాలన్నది మన దేశంలోని క్రిటికల్ కేర్ నిపుణుల సిఫార్సు. మిగతావారిలో ఇద్దరికో ముగ్గురికో ఒకరు. వెంటిలేటర్ తీయగానే మీ అమ్మగారు ఈ రెండో వరసలోకి వచ్చేసి ఉంటారు. కాగితం మీద ఆవిడకు పని తగ్గింది. నిజానికి మెషీన్, గొట్టం పోవడం వల్ల తగ్గింది 3.2 పాయింట్లే. మత్తు దిగి, అలజడితో గొట్టాలు లాగుతున్న మనిషిని కనిపెట్టుకోవడానికి పెరిగింది అంతకు ఎన్నో రెట్లు. అంటే అవసరం పెరిగిన రోజునే నర్సులో కనీసం సగం తగ్గింది. నా దృష్టిలో తప్పంటూ ఉంటే ఇక్కడుంది. దానికి ఆ సిస్టర్ బాధ్యురాలు కాదు.

పక్క బెడ్ కుర్రాడి దగ్గర మానిటర్ మోగుతుంది, బీపీ మందు సిరంజి అయిపోతుంది, రక్తం ఎక్కించాల్సి వస్తుంది. ఏది ఆలస్యమైనా నిమిషాల్లో తెలిసిపోతుంది. పెద్దవాళ్లకు కావలసిన పనులు అలా కాదు. వాళ్లను పక్కకు తిప్పకపోతే ఏ అలారమూ మోగదు. నోరు శుభ్రం చేయకపోయినా, కళ్లజోడు పెట్టకపోయినా అంతే. నర్సులు చాలనప్పుడు ముందు వాయిదా పడేవి ఇవే. యూరప్‌లో 9 దేశాల ఆస్పత్రుల్లో చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. నర్సు మీద ఒక్క పేషెంట్ అదనంగా పడితే, ఆపరేషన్ అయినవారు నెలలోపు చనిపోయే ముప్పు 7 శాతం పెరుగుతోందని అందులో తేలింది. అవి మామూలు వార్డులే, ఐసీయూలు కావు. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఐసీయూలో ఇద్దరికి మించి ఒక నర్సుకు అప్పగించకూడదని చట్టమే ఉంది.

కాబట్టి "మా అమ్మను ఎందుకు చూడట్లేదు" అని నిలదీయకండి. దాంతో సిస్టర్‌కు కోపం రావడమే తప్ప పని జరగదు. నర్సింగ్ ఇన్‌ఛార్జి దగ్గరికి వెళ్లి, ఈ షిఫ్టులో అమ్మను చూసే నర్సుకు ఇంకా ఎందరు పేషెంట్లు ఉన్నారో కనుక్కోండి. చివరిసారి ఎన్నింటికి పక్కకు తిప్పారు, నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందా, డెలీరియం పరీక్ష షిఫ్టుకోసారి చేస్తున్నారా అని అడగండి. చర్మాన్ని మీరే ఒకసారి చూస్తామంటే తప్పేమీ కాదు. వేలితో నొక్కినా ఎరుపు పోకపోతే అది పుండుకు మొదలు, వెంటనే చెప్పాలి.

చేతులు కట్టడం గురించి కూడా మాట్లాడండి. కట్టినంత మాత్రాన గొట్టం లాగడం పూర్తిగా ఆగదు, పైగా అలజడి పెరుగుతుంది. ముక్కు గొట్టం ఇంకా అవసరమా? మూత్రం గొట్టం తీసేయవచ్చా? లాగడానికి ఏమీ లేకపోతే కట్టాల్సిన పనే ఉండదు. తప్పదంటే వేళ్లు పట్టకుండా మెత్తటి గ్లౌజులు తొడుగుతారు. ఇంట్లోవాళ్లు పక్కన కూర్చున్నంతసేపు కట్లు విప్పమని అడగండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు.

వేరే నర్సును పెట్టుకోవడం కుదరదు. ఐసీయూలో మందులు, ఇంజెక్షన్ల బాధ్యత బయటివారికి ఎవరూ ఇవ్వరు. అయినా మీ అమ్మగారికి ఇప్పుడు కావలసింది తెలిసిన ముఖం, అది మీరే. విజిటింగ్ టైమ్ కాస్త ఎక్కువ ఇవ్వమని అడగండి. కళ్లజోడు, చెవి మెషీన్ ఉంటే తీసుకెళ్లండి. ఇవాళ ఏ వారం, తను ఎక్కడుంది, ఎందుకుంది అన్నది నెమ్మదిగా, పదేపదే చెప్పండి. అమ్మమ్మను పిలుస్తుంటే వాదించొద్దు, మాట మార్చండి. ఇంట్లో ఆవిడను ఏమని పిలుస్తారో సిస్టర్‌కు చెప్పండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: అడుగుతోంది కదా అని గుక్కెడు నీళ్లు కూడా పోయొద్దు. గొంతు గొట్టం తీసిన కొత్తలో మింగడం సరిగా కుదరదు, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి మళ్లీ న్యుమోనియా రావచ్చు. మింగగలదా లేదా పరీక్షించాకే ఏదైనా.

అలజడి ఉన్నట్టుండి ఆగిపోయి, పలకరించినా పలక్కుండా మగతగా పడుంటే "అమ్మ నెమ్మదించింది" అనుకోవద్దు. డెలీరియం అలా నిశ్శబ్దంగా కూడా ఉంటుంది, ఆక్సిజన్ తగ్గినా అలాగే ఉంటారు. వెంటనే డాక్టర్‌ను పిలవండి.

ఈ కారణంతో ఆస్పత్రి మార్చమని చెప్పను. వెంటిలేటర్ తీసి రెండు రోజులే అయింది, అంబులెన్స్‌లో ఆక్సిజన్ పడిపోయే ప్రమాదం ఉంది. కొత్త చోట నర్సులు ఎక్కువ ఉంటారన్న హామీ కూడా లేదు. దానికి బదులు ఇంకో ప్రశ్న వేయండి: అమ్మకు ఇంకా ఐసీయూ అవసరమా? కేంద్ర ఆరోగ్య శాఖ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఐసీయూలో ఉండాలా వద్దా అన్నది అవయవాలు ఎలా పనిచేస్తున్నాయి, పరిస్థితి విషమించే అవకాశం ఉందా అన్నదాన్ని బట్టి తేల్చాలి. ఆక్సిజన్, బీపీ నిలకడగా ఉంటే స్టెప్‌డౌన్ వార్డుకు, అంటే ఐసీయూకూ మామూలు వార్డుకూ మధ్యస్థంగా ఉండే వార్డుకు, మార్చవచ్చేమో చూడమనండి. కిటికీ వెలుతురు, రాత్రి నిద్ర, పక్కన మనవాళ్లు ఉంటే డెలీరియం త్వరగా తగ్గుతుంది. అక్కడ నర్సులు ఐసీయూ కన్నా తక్కువే ఉంటారు కాబట్టి, మార్చడానికి ముందే రాత్రిపూట ఎవరు కూర్చోవాలో ఇంట్లో అందరూ వంతులు వేసుకోండి. ఒక్కరే అన్ని రాత్రులూ మేలుకోవడం కుదిరే పని కాదు.