బెంగళూరు పోతున్న అల్లుడికి, బీరు సంగతి

హనుమకొండ

అల్లుడా,

ట్రైనింగ్ కోసం బెంగళూరు పోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆమె ఫోన్ పెట్టేసిందో లేదో నీ మెసేజ్ వచ్చింది: "మామా, అక్కడ మంచి క్రాఫ్ట్ బీరు యాడ దొరుకుతది? లిస్టు పంపు." మందుల కంపెనీ బ్యాగు పట్టుకుని ఉద్యోగమంతా ఊర్లు తిరిగినవాణ్ని కాబట్టి నన్నే అడిగావు. బాగానే ఉంది. కానీ లిస్టు పంపను. క్రాఫ్ట్ బీరు అంటే పెద్ద కంపెనీది కాకుండా చిన్న ఎత్తున, చేసేవాడి చేతివాటం మీద తయారయ్యేది. అది దొరికే పబ్బులు మూతపడతాయి, చేతులు మారతాయి. బీరు చేసే మనిషి ఎక్కువ జీతానికి ఇంకో చోటికి పోతాడు, బోర్డు మాత్రం అదే ఉంటుంది. ఎట్లా వెతకాలో రాస్తాను. అది హైదరాబాద్‌లోనూ పుణెలోనూ కూడా పనికొస్తుంది.

మీ తాత కల్లు మండువకు పోతే గౌడన్నను రెండే మాటలు అడిగేవాడు: ఏ చెట్టుది, ఎప్పుడు దింపినవ్? బీరు దగ్గర కూడా అంతే. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు? ఈ రెండింటికి జవాబు చెప్పగలిగే చోటుకు పో. మిగతాదంతా లైటింగు, మ్యూజిక్కు.

ఎప్పుడు చేశారని ఎందుకు అడగాలంటే, బ్రూపబ్ (అక్కడే బీరు చేసి అమ్మే పబ్బు) బీరును సీసా బీరులాగా వేడిచేసి నిలవకు సిద్ధం చేయరు. చాలాసార్లు వడగట్టరు కూడా. గోధుమ బీరు రెండు మూడు వారాల్లో తయారవుతుంది, లాగర్‌కు, అంటే చల్లగా ఉంచి మెల్లగా పులియబెట్టే రకానికి, నెల పైనే పడుతుంది. తయారయ్యాక గోధుమ బీరు వాసన ఎక్కువ రోజులు నిలవదు. అందుకే జనం బాగా వచ్చే చోట ట్యాంకు తొందరగా ఖాళీ అవుతుంది, నీకు తాజాది దొరుకుతుంది. ఖాళీగా ఉండే పబ్బులో ఎనిమిది రకాలు ఉన్నాయంటే అందులో ఎన్ని పాతవో ఆలోచించు.

ఫోన్‌లో వెతికేటప్పుడు స్టార్లు చూడకు. స్టార్లు సగం కబాబ్‌లకు, సగం పుట్టినరోజు కేకులకు పడతాయి. రివ్యూల్లోకి పోయి స్టౌట్ (నల్ల బీరు), ఐపీఏ (చేదెక్కువ బీరు), హెఫెవైజెన్ (జర్మన్ గోధుమ బీరు) అని ఒక్కో పేరు కొట్టి వెతుకు. బీరు గురించి ఎవరూ మాట్లాడలేదంటే అక్కడ బీరు ముఖ్యం కాదన్నమాట. ఫొటోల్లో ఫౌంటెన్లు వదిలేసి, గోడ మీద రాసిన బీర్ల బోర్డు ఫొటోలు చూడు. ఆరు నెలల కిందటి బోర్డుకు ఈ నెల బోర్డుకు ఒకటి రెండు పేర్లు మారితే బీరు వండేవాడు బతికున్నట్టే. మామిడి బీరు ఎండాకాలంలో పెడితే పండు వేసి ఉంటారు. డిసెంబర్‌లో పెట్టారంటే అది సిరప్ అయ్యే అవకాశమే ఎక్కువ.

శుక్రవారం, శనివారం రాత్రులు వద్దు. మంగళవారమో బుధవారమో సాయంత్రం ఐదింటికి పో, టేబుల్ కాదు, కౌంటర్ దగ్గర కూర్చో. మన వైన్స్ దగ్గర "స్ట్రాంగా, లైటా" అంటారు చూడు, ఆ లెక్క అక్కడ పనికిరాదు. "ఈ వారం కొత్తగా ట్యాప్ చేసింది ఏది?" అని అడుగు, అంటే కుళాయికి కొత్తగా ఎక్కించింది. కుర్రాడు ఠక్కున చెబితే మంచిది. లోపలికి పోయి కనుక్కుని వచ్చి చెబితే ఇంకా మంచిది. "అన్నీ ఫ్రెష్షే సార్" అన్నాడంటే ఒక్క చిన్న గ్లాసుతో సరిపెట్టు. వీలుంటే బ్రూవర్, అంటే బీరు చేసే మనిషి, ఉన్నాడేమో అడుగు. తన బీరు గురించి ఎవరైనా అడిగితే ఆ మనుషులు చెయ్యి తుడుచుకుంటూ బయటికి వస్తారు, ట్యాంకులు కూడా చూపిస్తారు.

మొదట ఫుల్ గ్లాసు చెప్పకు. శాంప్లర్ అడుగు. చెక్క పలకలో గుంటలు చేసి, అందులో చిన్న గ్లాసులు వరసగా పెట్టి తెస్తారు. లేత రంగుది ముందు, నల్లది చివర తాగాలి, లేకపోతే స్టౌట్ చేదు నాలుక మీద కూర్చుని మిగతావి చప్పగా తోస్తాయి. హెఫెవైజెన్ మబ్బుగా ఉంటుంది, దాని నుంచి అరటిపండు, లవంగం వాసన వస్తుంది. అవి కలిపిన రుచులు కావు, దాన్ని పులియబెట్టే ఈస్ట్ గుణమే అంత. విట్ అనే బెల్జియం రకంలో మాత్రం నారింజ తొక్క, ధనియాలు నిజంగానే వేస్తారు. గ్లాసును వెలుతురుకు ఎత్తి చూడు. లోపలి గోడకు బుడగలు అక్కడక్కడ అంటుకుని కదలకుండా ఉంటే గ్లాసు సరిగా కడగలేదు. శుభ్రమైన గ్లాసులో గుక్క గుక్కకు నురుగు ఒక్కో గీతగా అంచుకు పట్టి నిలుస్తుంది. ఫ్రీజర్‌లో పెట్టి మంచు పట్టిన గ్లాసు తెస్తే మామూలు గ్లాసు ఇమ్మను. అంత చల్లదనంలో మంచి బీరు, చెడ్డ బీరు ఒకటే.

లాగర్‌లో వెన్న వాసన వస్తే తొందరపడి దింపేశారని అర్థం. అసలు పులుపు ఉండకూడని బీరు పుల్లగా ఉంటే పైపులు కడగడం లేదు. ఒక నగరంలో ఒక పేరున్న పబ్బులో ఈ మాటే చెబితే "అది మా స్టైల్ సార్" అన్నాడు. అట్లాంటి చోట వాదించకు, బిల్లు కట్టి లేచిపో.

బెంగళూరులో ఈ బ్రూపబ్బుల వ్యవహారం 2011లో లావెల్ రోడ్డు దగ్గర బియర్ క్లబ్‌తో మొదలైంది. ఇందిరానగర్‌లో టోయిట్ పేరు అందరూ చెబుతారు. జనం ఎక్కువ, అయినా ఆ జనం వల్లే ట్యాంకు తిరుగుతుంది. అక్కడ బాస్మతి బ్లాండ్ అని బియ్యం వేసి చేసేది ఒకటి ఉంది, దొరికితే రుచి చూడు. బీరులో బియ్యమేంటని నవ్వకు, మన దగ్గర పెద్ద కంపెనీల సీసా బీర్లలో కూడా నూకలు పడతాయి. వైట్‌ఫీల్డ్ వైపు ఉంటే విండ్‌మిల్స్ ఉంది, జాజ్ కచేరీలు పెడతారు. నువ్వు పేర్లు అడిగావని ఈ మూడు. ఏ గ్లాసు అయినా పై పరీక్ష పెట్టాకే రెండోది చెప్పు.

సీసాల షాపుల సంగతి త్వరగా చెబుతాను. మన రాష్ట్రంలో వైన్స్‌కు సరుకంతా ప్రభుత్వ బేవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచే వస్తుంది. కాబట్టి హనుమకొండ చౌరస్తాలో లేనిది కాజీపేటలో వెతికినా దొరకడం కష్టమే. 2025 జనవరిలో ధరలు, బకాయిల గొడవతో యునైటెడ్ బ్రూవరీస్ కొన్నాళ్ళు సప్లై ఆపేసినప్పుడు ఊరూరా కింగ్‌ఫిషర్ కోసం వెతకడం నీకు గుర్తుండే ఉంటుంది. కర్ణాటకలోనూ సరుకు కార్పొరేషన్ ద్వారానే, కాకపోతే పెద్ద షాపుల్లో రకాలు ఎక్కువ పెడతారు. సీసా చేతిలోకి తీసుకుని మెడ మీదో లేబుల్ మీదో ఇంకుతో కొట్టిన తేదీ చదువు. గోధుమ బీరు, ఐపీఏ రెండు మూడు నెలల లోపువే తీసుకో, స్టౌట్ కొంచెం పాతదైనా ఫర్వాలేదు. ఆకుపచ్చ సీసా, తెల్ల సీసా ట్యూబ్‌లైట్ కింద షోకు పెట్టి ఉంటే ముట్టకు. వెలుతురు తగిలితే హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వులు) కంపు కొడతాయి. మన దగ్గర మే నెలలో షాపు ముందు ఎండకు పెట్టే కేసుల గురించి చెప్పనే అక్కర్లేదు, అవి తాగితే తడిసిన అట్ట రుచి.

ఐడీ కార్డు జేబులో పెట్టుకో. ఎన్నికలున్న చోట పోలింగ్ ముగిసే ముందు 48 గంటలు దొరకదు, అక్టోబర్ 2న కూడా దొరకదు, చూసుకుని ప్లాన్ చేసుకో. బోర్డు మీద పేరు పక్కన శాతం రాస్తారు, ఐదున్నది రెండు గ్లాసులు, ఎనిమిదిది ఒకటి. అంతకు మించితే నాలుకకు ఏమీ తెలియదు, డబ్బులు దండగ. బండి మాత్రం తియ్యొద్దు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, ఆ గీత నువ్వనుకున్నంత దూరంలో ఉండదు. ఆటోనో మెట్రోనో చూసుకో.

చివరగా నీ రూమ్మేట్లను ఎప్పుడైనా రామప్ప, మేడారం చూపిస్తానని తీసుకొస్తావు కదా. అప్పుడు వాళ్ళను బార్‌కు తీసుకుపోకు. ఊళ్ళోకి రండి, కల్లు తాగిద్దాం. దానికీ ఇదే పద్ధతి. చుట్టుపక్కల తాటిచెట్టు గానీ ఈతచెట్టు గానీ కనపడని చోట, ఏ పూట పోయినా ఒకే రుచితో దొరికే కల్లు తాగనివ్వకు. క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం కలిపిన కల్లు మన జిల్లాల్లో ఎంతమందిని ఆస్పత్రి పాలు చేసిందో నీకూ తెలుసు. చెట్టు కింద, లొట్టి (కల్లు కుండ) దిగుతుంటే చూసి తాగాలి. పొద్దున తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి పులిసి ఘాటెక్కుతుంది. కొత్తవాళ్ళకు పొద్దుటిదే మంచిది. ఏ నెలలో వస్తారో ముందే చెప్పు, చెట్టును బట్టి కాలం మారుతుంది. వచ్చే ముందురోజు సాయంత్రమే గౌడన్నకు చెప్పి పెట్టాలి, లేకపోతే ఎనిమిదింటికల్లా లొట్లు ఖాళీ.

మీ మామ