అమ్మ పోయాక నాన్నగారి ఆరోగ్యం

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. అమ్మ పోయి నాలుగు నెలలైంది. ఇన్నేళ్లూ అదుపులో ఉన్న బీపీ, షుగర్ ఇప్పుడు పెరిగాయి, మనిషి కూడా చిక్కిపోయారు. భార్య పోయిన మగవాళ్లు ఎక్కువ కాలం బతకరని బంధువులు ఆయన ఎదుటే అంటున్నారు. అందులో నిజమెంత?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందుగా, ఆ మాట ఆయన చెవిన పడనీయవద్దని బంధువులకు గట్టిగా చెప్పండి. అది క్రూరమైన మాట, పైగా సగం నిజం మాత్రమే. బ్రిటన్‌లో 55 ఏళ్లు దాటాక భార్యను పోగొట్టుకున్న 4,486 మందిని గమనించిన పరిశోధకులు 1969లో వెల్లడించినదాని ప్రకారం, మొదటి ఆరు నెలల్లో 213 మంది చనిపోయారు. అదే వయసు వివాహితులతో పోలిస్తే ఇది 40 శాతం ఎక్కువ, ఆ మరణాల్లో గుండెజబ్బులవే పెద్ద వాటా. ముప్పు ఉన్నమాట నిజమే. అయితే నూటికి 95 మంది ఆ ఆరు నెలలను దాటారని, తర్వాత ఆ తేడా క్రమంగా తగ్గిపోయిందని కూడా అదే లెక్క చెబుతోంది.

మీ నాన్నగారు ఇప్పుడు ఆ ఆరు నెలల్లోనే ఉన్నారు కాబట్టి, బెంగతో చిక్కిపోయారని సరిపెట్టుకోకుండా, ఇంట్లో అమ్మగారు రోజూ ఏమేం చేసేవారో ఒకసారి గుర్తు చేసుకోండి. నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన, ఏ మందులు వాడుతున్నారని అడిగితే, "పొద్దున తెల్లది, రాత్రి గులాబీరంగుది, ఆవిడ చేతిలో పెట్టేది" అన్నారు. ఆయన సంచిలోని స్ట్రిప్పుల్లో సగం మాత్రలు అలాగే ఉన్నాయి. పెళ్లయినవారి ఆరోగ్యం మెరుగ్గా కనబడటానికి, ఆరోగ్యవంతులకే పెళ్లిళ్లు ఎక్కువగా జరగడం కొంత కారణమైనా, మిగతా మేలు చాలావరకు ఇలాంటి చిన్న చిన్న పనుల్లోనే ఉంటుంది. వాటిని తిరిగి నిలబెట్టడం మన చేతిలోని పని.

ఒక్క జాగ్రత్త. నాన్నగారు కూడా అలా షుగర్ మాత్రలు మానేసి ఉంటే, వాటిని మీ అంతట మీరు ఒక్కసారిగా మొదలుపెట్టించకండి. తిండి తగ్గిన మనిషికి పాత మోతాదు ఎక్కువై షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మాట తికమక దాని గుర్తులు. ఉన్న స్ట్రిప్పులన్నీ పట్టుకుని, ఈ వారంలోనే ఆయనను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఛాతీలో నొప్పి గాని, ఆయాసం గాని వస్తే మాత్రం దిగులువల్లనేమో అనుకుంటూ ఒక్క గంట కూడా ఆగకండి. బతకాలని లేదన్న మాట ఆయన నోట వస్తే ఒంటరిగా వదలకుండా డాక్టరుకు చెప్పండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయ సేవ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడవచ్చు.

భర్తను పోగొట్టుకున్న తల్లుల కష్టం కొంత వేరు. మాత్రలు, వంట వారికి తెలిసిన పనులే. చేతిలో డబ్బు, ఆసుపత్రికి తీసుకెళ్లమని అడిగే చొరవ వారికి తగ్గిపోతాయి. 2011 జనాభా లెక్కల్లో 60 దాటిన పురుషుల్లో నూటికి 80 మందికి పైగా భార్య ఉన్నవారే, స్త్రీలలో మాత్రం భర్త ఉన్నవారు దాదాపు సగం మందే. ఆ తల్లుల గురించి ఇలా ఉత్తరం రాసేవారు తక్కువ కావడం నన్ను బాధిస్తుంది.

ఇక మీ ఇంట్లో అమ్మగారి పనులన్నీ మీ భార్య మీద పడకుండా చూడండి. వారానికి సరిపడా గళ్లున్న మాత్రల డబ్బా ఒకటి కొని, ఆదివారం ఆయన చేతనే నింపించండి. మొదట్లో పక్కన కూర్చోండి. కనీసం రాత్రి భోజనం ఆయనతో కలిసి తినండి.